కోడి కాలేయములో క్రొవ్వు: దాణాకు, జన్యువులకు గల సంబంధము

వ్యవసాయాధికారి, బి.యస్సి. (అగ్రి.), పిఠాపురం

పిఠాపురములోని పాదగయా క్షేత్రమున వెలసిన స్వామి పేరు కుక్కుటేశ్వరుడు. శివుడు కోడి రూపము దాల్చి, తెల్లవారకమునుపే కూసి, గయాసురుడు గడువుకు ముందే కదలునట్లు చేసెనని స్థలపురాణము. కోడి పేర దేవుడు వెలసిన ఈ ఊరిలో కోడిని గూర్చిన కబురు ఏదైనను జనులు శ్రద్ధగా విందురు. ఆ ధైర్యముతోనే, పైకి కొంచెము కఠినముగా కనిపించు ఒక విషయమును ఈ వ్యాసములో తెలుప సాహసించుచున్నాను.

పిఠాపురము 2022 నుండి కాకినాడ జిల్లాలో చేరినది. అంతకు ముందు ఇది తూర్పు గోదావరి జిల్లాలోనిదే. అనపర్తి, బిక్కవోలు, పెద్దాపురము ప్రాంతములలోని కోళ్ళ షెడ్ల నుండి గ్రుడ్లు లారీల మీద ఒడిశా, బెంగాలు, అస్సాము వరకు పోవుచున్నవి. జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘము ప్రతి దినము ప్రకటించు ధరల పట్టికలో "తూర్పు గోదావరి" అని ప్రత్యేకముగా ఒక వరుస కలదు. ఇంత పెద్ద వ్యాపారమంతయు చివరకు ఒక చిన్న అవయవము మీద ఆధారపడి యున్నది. అది కోడి కాలేయము.

నేను పశువైద్యుడను కాను. కోళ్ళ రోగములను గూర్చి చెప్పవలసినది పశుసంవర్ధక శాఖవారు. కాని కోడి తిను మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు మా రైతుల పొలముల నుండియు, మన మిల్లుల నుండియు వచ్చునవే. ఆ గింజను గూర్చి నేను ఇచ్చిన ఒక సలహా కొంత నష్టమునకు దారితీసినది. అందుచేత ఆ సంగతి నేనే చెప్పుట న్యాయమని తలచితిని.

బలిసిన కోడి ఎందుకు చచ్చినది?

2021 వేసవిలో సోయా చెక్క ధర మునుపెన్నడు లేనంతగా పెరిగినది. ఆ సంవత్సరము ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము 12 లక్షల టన్నుల సోయా చెక్కను విదేశముల నుండి తెప్పించుకొనుటకు అనుమతి ఇవ్వవలసి వచ్చెనన్న, ఇబ్బంది ఎంతటిదో ఊహించుకొనవచ్చును. ఆ రోజులలోనే, పిఠాపురమునకు కొద్ది దూరములో గ్రుడ్ల కోళ్ళను పెంచుచున్న ఒక రైతు నన్ను అడిగెను: "సోయా ధర మండిపోతోందండి. కాస్త తగ్గించి, ఆ మేరకు మొక్కజొన్న వేస్తే ఫరవాలేదాండి?" నేను ఏదో తొందరలో నుండి "కొన్నాళ్ళకు ఫరవాలేదండి" అంటిని. ఎంత తగ్గించవచ్చునో, తగ్గించిన దానికి బదులు ఏమి కలుపవలెనో చెప్పలేదు.

రెండు నెలలు తిరుగకముందే ఆయన మరల వచ్చెను. "రోజూ రెండో మూడో పోతున్నాయండి. రోగమేమో అని చూస్తే ముక్కు కారడం లేదు, పారడం లేదు. చచ్చేవన్నీ బలిసినవేనండి, ముందురోజు దాకా గుడ్డు పెట్టినవేనండి. లివర్ టానిక్ అని మూడు వారాలుగా నీళ్ళల్లో కలుపుతున్నానండి. డబ్బులు పోతున్నాయి గాని చావులు ఆగడం లేదండి" అనెను.

ఇద్దరము పశువైద్యుని వద్దకు పోతిమి. ఆయన చచ్చిన కోళ్ళను కోసి చూపెను. పొట్ట నిండ క్రొవ్వు పొరలు. కాలేయము ఉండవలసిన ముదురు ఎరుపు రంగులో లేదు. పాలిపోయి, పసుపు పచ్చగా, వ్రేలితో నొక్కిన చితికిపోవునంత మెత్తగా ఉన్నది. దాని మీది పొర పగిలి, పొట్టలో నెత్తురు గడ్డ కట్టియున్నది. కోడి జుట్టు తెల్లబారుటకు కారణము ఈ లోపలి రక్తస్రావమే. దీనిని కాలేయమునకు క్రొవ్వు పట్టి రక్తము స్రవించు జబ్బు అందురు. అమెరికాలోని టెక్సాసులో కౌచ్ అను శాస్త్రజ్ఞుడు 1956 లో గ్రుడ్ల కోళ్ళలో దీనిని వర్ణించెను. 1972 లో రక్తస్రావమును కూడ చేర్చి ఇప్పటి పేరు పెట్టిరి. ఇది అంటురోగము కాదు. పంజరములలో కదలిక లేక, చురుకుగా గ్రుడ్లు పెట్టుచు, అవసరమునకు మించి శక్తినిచ్చు దాణా తిను కోళ్ళలో, ముఖ్యముగా వేసవిలో, ఇది కనబడును.

క్రొవ్వు తయారగు చోటు

పందిలోను, పశువులోను క్రొవ్వు ముఖ్యముగా చర్మము క్రిందను, పొట్టలోను ఉన్న క్రొవ్వు కణములలోనే తయారగును. కోడి సంగతి వేరు. కోడిలో క్రొవ్వు తయారీ దాదాపు అంతయు కాలేయములోనే జరుగును. దాణాలోని పిండి పదార్థము చక్కెరగా మారి కాలేయము చేరును; అక్కడ అది క్రొవ్వుగా మారి, నెత్తురు ద్వారా అండాశయమునకు పోయి పచ్చసొన అగును.

దీని పరిమాణమును లెక్కించి చూడుడు. ఒక గ్రుడ్డులో క్రొవ్వు ఇంచుమించు 5 గ్రాములు. ఏడాదికి 300 గ్రుడ్లు పెట్టు కోడి ఒకటిన్నర కిలోల క్రొవ్వును బయటకు పంపుచున్నది. తెల్ల లెగ్‌హార్న్ జాతి కోడి బరువు కూడ అంతే. అనగా ఆ కోడి ఏటేట తన బరువంత క్రొవ్వును కాలేయము గుండా పంపుచున్నదన్న మాట.

తయారైన క్రొవ్వు కాలేయము దాటి పోవలెనన్న దానికి బండి కావలెను. నెత్తురు నీటి వంటిది. నూనె నీటిలో కలియదు. కాబట్టి కాలేయము క్రొవ్వు చుట్టును మాంసకృత్తులతోను, లెసిథిన్ అను పదార్థముతోను ఒక పొర కట్టి, చిన్న చిన్న మూటలుగా పంపును. లెసిథిన్ తయారగుటకు కోలిన్ అను విటమిను వంటి పదార్థము కావలెను. మిల్లులో బియ్యము ఆడుచునే యుండి, గోనెసంచులు చాలకపోయిన బియ్యమంతయు ఎక్కడ పేరుకొనును? మిల్లులోనే కదా! కోలిన్, మాంసకృత్తులు చాలని కాలేయము గతియు అంతే. ఎండబెట్టిన కాలేయపు బరువులో నూటికి 40 పాళ్ళు మించి క్రొవ్వే ఉన్నప్పుడు ఈ జబ్బు ముదిరినదని గ్రహింపవలెను.

మా లెక్క ఎక్కడ తప్పినది?

ఆ రైతు దాణాను కాగితము మీద పెట్టి చూచితిమి. మొదట 100 కిలోల దాణాలో మొక్కజొన్న 55, సోయా చెక్క 22, నూనె తీసిన తవుడు 12, మిగిలిన 11 కిలోలు సున్నపురాయి, ఖనిజములు, విటమినులు. ధర పెరిగిన తరువాత సోయాను 14 కిలోలకు దించి, మొక్కజొన్నను 63 కిలోలకు పెంచెను. మార్చినది 8 కిలోలే. చూచుటకు చిన్న మార్పే. కాని సరకుల పోషక విలువల పట్టికను బట్టి లెక్క వేయగా తేలినది ఇది:

మాంసకృత్తులు: మొదట నూటికి సుమారు 16.4 పాళ్ళు, తరువాత 13.5 పాళ్ళు.

శక్తి: మొదట కిలోకు సుమారు 2,510 కిలోకేలరీలు, తరువాత 2,600.

కోలిన్: మొక్కజొన్నలో కిలోకు సుమారు 620 మిల్లీగ్రాములు, సోయా చెక్కలో 2,700, తవుడులో 1,100. ఈ లెక్కన మొదట కిలో దాణాలో 1,065 మిల్లీగ్రాములు, తరువాత 900. రోజుకు 100 గ్రాములు తిను గ్రుడ్ల కోడికి కిలో దాణాలో 1,050 ఉండవలెనని అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994 నాటి ప్రమాణము.

అనగా ఒక్క మార్పుతో మూడు తప్పులు జరిగినవి. క్రొవ్వుగా మారు పిండి పెరిగినది. మూట కట్టు మాంసకృత్తులు తగ్గినవి. లెసిథిన్‌కు కావలసిన కోలిన్ తగ్గినది. పైగా, మాంసకృత్తులు చాలని దాణాను కోడి కొంత ఎక్కువగా తినజూచును. రోజుకు 10 గ్రాములు అదనముగా తిన్నను 26 కిలోకేలరీలు మిగులును. అది క్రొవ్వుగా మారిన నెలకు ఇంచుమించు 60 గ్రాములగును. త్రాసు మీద పెట్టి చూచిన ఆ కోళ్ళలో చాల వరకు 1.7 కిలోలు తూగినవి. ఆ వయస్సుకు ఒకటిన్నర కిలో ఉండవలసినవి. నెలకొకసారి త్రాసు పెట్టియున్న ఈ సంగతి మొదటి నెలలోనే తెలిసియుండెడిది.

జన్యువు అనగానేమి? దాణా దానినెట్లు కదల్చును?

నేటి విజ్ఞానము మరియొక సంగతి తెలియజేయుచున్నది. దాణా కోడికి ఇంధనము మాత్రమే కాదు. కోడి కణములకు అది ఆజ్ఞ కూడ.

కోడి శరీరములోని ప్రతి కణమునందును ఆ కోడి వంశపు లిపి ఉండును. 2004 లో అడవికోడి లిపిని శాస్త్రజ్ఞులు చాల వరకు చదివి ప్రకటించిరి. పక్షులలో మొదట చదువబడినది కోడి లిపియే. దానిలో ఇంచుమించు 100 కోట్ల అక్షరములు, ఇరవై వేలకు పైగా జన్యువులు కలవు. ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క మాంసకృత్తి తయారీకి నమూనా.

మన ఏలేరు ఆయకట్టు రైతులకు దీనిని సులభముగా చెప్పవచ్చును. కాలువ పటములో తూములన్నియు గుర్తింపబడి యుండును. పటము ఏటేట మారదు. కాని ఏ రోజున ఏ తూము ఎంత ఎత్తియున్నదన్నది లస్కరు చేతిలో నుండును. పంటకు నీరందుట పటము వలన కాదు, తూము ఎత్తుట వలన. జన్యువులు తూముల వంటివి. దాణా గాని, మందు గాని జన్యువును మార్చదు. దానిని ఎంత తెరువవలెనో, ఎంత మూయవలెనో నిర్ణయించుటలో పాలు పంచుకొనును.

ఒక ప్రసిద్ధమైన ప్రయోగము కలదు. పచ్చసొనకు కావలసిన విటెల్లోజెనిన్ అను మాంసకృత్తి జన్యువు పుంజు కాలేయములో కూడ ఉన్నది. అయితే అది మూసియుండును. పుంజుకు పెట్టలోని ఈస్ట్రోజెన్ అను హార్మోనును ఎక్కించిన, ఆ మూసిన తూము తెరచుకొని, పుంజు కాలేయము పచ్చసొన మాంసకృత్తిని తయారుచేయ మొదలుపెట్టును. పెట్ట గ్రుడ్లకు వచ్చు రోజులలో ఇదే హార్మోను కాలేయములోని క్రొవ్వు తయారీని కూడ ఎన్నో రెట్లు పెంచును. కాబట్టి గ్రుడ్లు పెట్టు కోడి కాలేయమునకు కొంత క్రొవ్వు ఉండుట సహజమే. హద్దు మీరుటయే జబ్బు.

దాణా కూడ ఇట్లే పనిచేయును. పస్తు పెట్టిన కోడిపిల్లకు పిండి పదార్థము ఎక్కువగా ఉన్న దాణా వేసిన, కొన్ని గంటలలోనే దాని కాలేయములో క్రొవ్వు తయారుచేయు ఎంజైముల జన్యువులు తెరచుకొనును. ఈ తూములను ఎత్తు ముఖ్యమైన లస్కరు పేరు ఎస్.ఆర్.ఇ.బి.పి.-1. క్రొవ్వును కాల్చి ఖర్చు పెట్టు తూములను ఎత్తు లస్కరు వేరొకటి; దాని పేరు పి.పి.ఏ.ఆర్.-ఆల్ఫా. మొదటిది ఎక్కువగా పనిచేసిన క్రొవ్వు పేరుకొనును. రెండవది పనిచేసిన క్రొవ్వు ఖర్చగును. దాణాలో పిండి ఎక్కువైన మొదటి లస్కరుకు ఆజ్ఞ పోవును.

తూము ఎత్తుట, దించుటయే గాక, దానికి తాళము వేయుట కూడ కలదు. ఒక కార్బను, మూడు హైడ్రోజనులు కలిసిన మిథైల్ అను చిన్న గుంపు జన్యువు ముంగిట అంటుకొనిన, ఆ జన్యువు చాల వరకు మూసికొనిపోవును. ఈ మిథైల్ గుంపులు కోడికి దాణాలోని కోలిన్, బీటెయిన్, మెథియొనిన్ అను పదార్థముల నుండియే లభించును. వాటిని ఒకచోటి నుండి మరియొకచోటికి చేరవేయుటకు ఫోలిక్ ఆమ్లము, బి-12 విటమిను కావలెను.

ఫోలిక్ ఆమ్లము పేరు వచ్చినప్పుడు గోదావరి వాసులు ఒక మహనీయుని తలచుకొనవలెను. 1895 లో భీమవరములో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నడిపిన బృందమే 1945 లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. కోడిపిల్లల రక్తహీనతను పోగొట్టు పదార్థమును వెదకుచు పోయిన పరిశోధకుల దారియు ఈ విటమిను వద్దకే చేరినది. నేడు కోళ్ళ దాణాలో కలుపు విటమిను మిశ్రమములలో చాల వాటిలో ఈ విటమిను కలదు.

ఏ అనుబంధము ఏ పని చేయును?

అంగడిలో అనేక పేర్లతో పొడులు, సీసాలు అమ్ముచున్నారు. పేరు చూడక, లోపల ఏమున్నదో, ఎంత పాలు ఉన్నదో చీటీ మీద చదువవలెను.

1. కోలిన్. ఇది క్రొవ్వును మూట కట్టి కాలేయము దాటించును. అంగడిలో దొరకు 60 పాళ్ళ కోలిన్ క్లోరైడు పొడి ఒక కిలోలో అసలు కోలిన్ సుమారు అర కిలో ఉండును. టన్ను దాణాకు ఆ పొడి ఒక కిలో కలిపిన, కిలో దాణాకు సుమారు 500 మిల్లీగ్రాములు చేరును. ఈ పొడి గాలిలోని తేమను పీల్చును; విటమినులను పాడుచేయును. కాబట్టి విటమిను మిశ్రమముతో కలిపి నిలువ యుంచరాదు. వానకాలములో సంచి మూతి బిగించి యుంచవలెను.

2. మెథియొనిన్. ఇది మాంసకృత్తుల భాగము. మిథైల్ గుంపుల నిధి కూడ. మొక్కజొన్న, సోయాలతో చేసిన దాణాలో మొదట కొరత పడునది ఇదే. సోయాను తగ్గించిన ఈ కొరత ఇంకను పెరుగును.

3. బీటెయిన్. చక్కెర దుంప మడ్డి నుండి తీయబడును. మిథైల్ గుంపులను అందించుటలో కోలిన్ పనిని కొంత పంచుకొనును. ఎండ తాపములో కణములు నీటిని నిలుపుకొనుటకు తోడ్పడును. బ్రాయిలర్ కోళ్ళ మీద జరిగిన కొన్ని పరిశోధనలలో ఇది పొట్ట క్రొవ్వును తగ్గించినది. క్రొవ్వు తయారుచేయు జన్యువుల ముంగిట మిథైల్ తాళములను మార్చినది. అయినను ఫలితములు అన్ని చోట్ల ఒకే విధముగా లేవు. లెసిథిన్ తయారీలో కోలిన్ స్థానమును బీటెయిన్ నేరుగా తీసికొనజాలదు. కాబట్టి ఒకటి ఉన్నది గదా అని రెండవదానిని పూర్తిగా మానరాదు.

4. బి-12, ఫోలిక్ ఆమ్లము. బి-12 మొక్కలలో ఉండదు. చేపల పొడి వంటివి వేయని శాకాహారపు దాణాలో ఇది విటమిను మిశ్రమము ద్వారానే రావలెను. చవుక మిశ్రమము కొని దీనిని పోగొట్టుకొనరాదు.

5. చేప నూనె, అవిసె గింజలు. వీటిలోని ఒమేగా-3 క్రొవ్వు విచిత్రమైనది. తాను క్రొవ్వే అయినను, కాలేయములో క్రొవ్వు తయారుచేయు మొదటి లస్కరును అణచి, క్రొవ్వును కాల్చు రెండవ లస్కరును ప్రోత్సహించును. పచ్చసొనలోకి కూడ చేరి తినువారికి మేలు చేయును. కాని ఈ క్రొవ్వు త్వరగా చెడును. అవిసె మోతాదు మించిన కాలేయములో రక్తస్రావము పెరిగినట్లు కూడ పరిశోధనలలో కనబడినది. కాబట్టి దీనిని వేయువారు విటమిను-ఇ ని కూడ పెంచవలెను. ఉప్పాడ తీరము దగ్గర గదా అని ఎండుచేపల పొడిని విపరీతముగా వేసిన గ్రుడ్డుకు నీచు వాసన వచ్చును.

6. విటమిను-ఇ, సెలీనియము. ఇవి క్రొవ్వును కరిగించవు. కాలేయములోని క్రొవ్వు చెడి, కణముల పొరలు దెబ్బతినకుండ కాపాడును.

నీచు వాసనను గూర్చి ఒక మాట. గోధుమ రంగు గ్రుడ్లు పెట్టు కొన్ని కోళ్ళలో ఒక జన్యువు లిపిలోనే చిన్న లోపము కలదు. అట్టి కోళ్ళకు ఆవ చెక్క, చేపల పొడి, మితిమీరిన కోలిన్ పెట్టిన, వాటి నుండి పుట్టు ఒక దుర్వాసన పదార్థమును అవి విరుగగొట్టలేవు; అది పచ్చసొనలో చేరి గ్రుడ్డు చేప వాసన కొట్టును. అదే దాణా తిన్న ప్రక్క కోడి గ్రుడ్డు బాగుగనే ఉండును. దాణా ఒకటే అయినను ఫలము కోడి వంశమును బట్టి మారుననుటకు ఇది నిదర్శనము. ఎక్కువ వేసిన ఎక్కువ మేలు అను మాట అనుబంధముల విషయములో చెల్లదు.

టానిక్ ఎందుకు పనిచేయలేదు?

ఆ రైతు పోసిన టానిక్ చెడ్డదని నేను అనజాలను. కాని ఒక వంక దాణాలోని పిండి క్రొవ్వు తయారు చేయుమని రోజంతయు ఆజ్ఞ ఇచ్చుచుండగా, మరియొక వంక గ్లాసెడు మందు ఏమి చేయగలదు? తూము పూర్తిగా ఎత్తి, పొలములోని నీరు చేటతో తోడినట్లే యగును.

మేము చేసినది ఇది. పశువైద్యుని సలహా మీద సోయా చెక్కను మరల 20 కిలోలకు తెచ్చితిమి. టన్నుకు కోలిన్ క్లోరైడు ఒక కిలో, మెథియొనిన్ అర కిలో చేర్చితిమి. విటమిను-ఇ, బి-12 పాళ్ళు పెంచితిమి. మొక్కజొన్న పిండిలో కొంత తగ్గించి, మొత్తము శక్తి పెరుగకుండ లెక్క చూచి, కొద్దిగా నూనె చేర్చితిమి. నూనె వేసిన క్రొవ్వు పెరుగదా అని రైతు శంకించెను. శక్తి మొత్తము పెరుగనంత వరకు పెరుగదు. నూనె నేరుగా పచ్చసొనకు పనికివచ్చును గనుక, పిండిని క్రొవ్వుగా మార్చు శ్రమ కాలేయమునకు ఆ మేరకు తగ్గును. మధ్యాహ్నపు ఎండలో షెడ్డు కప్పు మీద నీరు చల్లించితిమి. మూడు వారములలో చావులు దాదాపు ఆగినవి. వీటిలో ఏది ఎంత పని చేసినదో విడదీసి చెప్పలేను; అన్నియు కలిసి చేసినవి. సోయాకు మిగిలించిన డబ్బుకంటె చచ్చిన కోళ్ళ విలువ, టానిక్ ఖర్చు ఎక్కువని ఆ రైతు లెక్క కట్టి చూపినప్పుడు నేను బదులు చెప్పలేకపోతిని.

పాలిపోయిన కాలేయమంతయు ఈ జబ్బే కాదు

బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్కలలోని అఫ్లటాక్సిన్ అను విషము వలన కూడ కాలేయము పాలిపోయి క్రొవ్వు పట్టును. 1960 లో ఇంగ్లండులో వేలాది టర్కీ కోళ్ళు చచ్చినప్పుడు, వాటి దాణాలోని వేరుశనగ చెక్కలో ఈ విషము బయటపడినది. కోస్తాలోని తేమకు గింజ త్వరగా బూజు పట్టును. అట్టి దాణాకు కోలిన్ విరుగుడు కాదు. ఆ గింజను మానుటయే విరుగుడు. నూనె తీయని పచ్చి తవుడు కూడ కొద్ది రోజులలోనే ముక్కిపోయి విటమిను-ఇ ని పాడుచేయును. కాబట్టి తవుడును తాజాగా వాడవలెను, లేదా నూనె తీసినదే వాడవలెను.

రైతు సోదరులు చేయవలసినది

నెలకొకసారి మందలో వేరు వేరు వరుసల నుండి కొన్ని కోళ్ళను పట్టి తూచవలెను. ఆ జాతికి ఆ వయస్సుకు చెప్పబడిన బరువు కంటె నూటికి పది మించిన జాగ్రత్త పడవలెను.

దాణాలో ఏ సరకు మార్చినను మాంసకృత్తులు, శక్తి, కోలిన్ లెక్కను మరల వేయవలెను. ధర ఒక్కటే చూచి మార్చరాదు.

అనుబంధమును లోపమున్న చోట, లోపమున్నంతే వేయవలెను. ముందు దాణా, తరువాత అనుబంధము.

కోళ్ళు హఠాత్తుగా చచ్చిన ఇంటిలో కోసి చూడరాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో పక్షుల ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి అందరికి తెలిసినదే. చావు ఏ కారణము వలననో పశువైద్యుడే తేల్చవలెను. క్రొవ్వు జబ్బుకు చావులు రోజుకు కొద్ది కొద్దిగా ఉండును. ఒక్కసారిగా ఎక్కువ చచ్చిన ఆ క్షణమే కబురు పంపవలెను. చచ్చిన కోళ్ళను కాలువలో వేయరాదు.

పెరటిలో పది కోళ్ళు పెంచుకొను గృహిణులు దీనికి భయపడనక్కరలేదు. తిరిగి, ఏరుకొని తిను కోడికి ఈ జబ్బు అరుదు. వాటికి నూకలే కాక, ఆకుకూర, కొద్దిగా చెక్క కూడ వేసిన చాలును.

గ్రామోద్యోగులకు మనవి

రైతు సలహా అడిగినప్పుడు "ఫరవాలేదు" అను మాట చెప్పుట సులభము. నేను చెప్పి నేర్చుకొంటిని. దాణా మార్పును గూర్చి అడిగిన రైతుచేత సరకుల పేర్లు, కిలోలు ఒక చీటీ మీద వ్రాయించి, దానిని పశుసంవర్ధక శాఖవారికి చూపుడు. లెక్క కట్టుటకు అరగంట చాలును. మీ గ్రామములో కోళ్ళను తూచుటకు ఒక మంచి త్రాసు ఉన్నదా లేదా కూడ విచారింపుడు.

ఆ రైతు ఇప్పుడు దాణా చీటీని షెడ్డు తలుపు లోపలి వైపు అంటించి, ప్రతి నెల మొదటి ఆదివారము కోళ్ళ బరువు దాని ప్రక్కనే వ్రాయుచున్నాడు. నేను ఆ దారిని పోయినప్పుడెల్ల ఆగి ఆ చీటీ చదివి పోవుచున్నాను. సరకు మార్చవలసి వచ్చిన, కలుపుటకు ముందే నాకును, పశువైద్యునికిని కబురు వచ్చును. ఇట్టి చీటీ ప్రతి షెడ్డులోను ఉండవలెనని నా కోరిక.